ఎవరి లాంబ్రోస్

"ఎవరి కొడుకని అడగలేదా?" అంది ఎవాంథియా.

కాఫీ అంగడి కోస్మాస్ గడ్డం పైకెత్తి నాలుకతో చిన్న చప్పుడు చేశాడు. లేదని. ఆ గడ్డం పైకి లేచిన క్షణం నుంచి ఆమెకు ఒకచోట కాలు నిలవలేదు. ఈ ఊళ్ళో కొత్త మొహం కనబడితే పేరు తర్వాతి సంగతి, ముందు అడిగేది నువ్వెవరి కొడుకువిరా అనే. దారి తప్పిన కుక్కపిల్లను చూసినా ఎవరిదిది అంటారు. కోస్మాస్ పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న అడగకుండా వదిలిన మనిషి లేడు. అలాంటివాడు, అడిగి తీరాల్సిన ఒకే ఒక్క రోజున, లాంబ్రోస్‌కి దెబ్బ తగిలింది, రక్తం బాగా పోయింది, తీసుకొస్తున్నాం, డాక్టర్ని రేవు దగ్గర ఉండమను అని ఫోనులో గొంతు చెబుతుంటే, సరే సరే అన్నాడట. సరే సరే.

"కాఫీ గిలక్కొట్టే మిషను తిరుగుతోందమ్మా, నేనేం చెయ్యను? మీ ఆయన గొంతే అనుకున్నా. మిల్తోస్‌ది కూడా కావచ్చు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే గొంతు కదా, అందులోనూ గాలి హోరు. మళ్ళీ అడిగేలోపు తెగిపోయింది."

"ఏ నంబరు నుంచి?"

"నా ఫోనులో నంబర్లు ఎక్కడ కనబడతాయి? మా నాన్న పెట్టించింది. డాక్టర్ని నేను పిలుచుకొస్తా, నువ్వు కూర్చో. కూర్చో తల్లీ, నీళ్ళు తాగు."

ఆమె కూర్చోలేదు. మొగుడు థొదోరిస్‌కి ఫోన్ చేసింది. కొడుక్కి చేసింది. మళ్ళీ థొదోరిస్‌కి చేసింది. అందుబాటులో లేరని ఒక ఆడగొంతు తీరిగ్గా, ఎంతో మర్యాదగా చెప్పింది. వాళ్ళు వెళ్ళిన దీవికి అవతలి వైపు, ఆ కొండచరియల కింద, గుహల దగ్గర ఫోన్లు పనిచెయ్యవని ఆమెకు తెలుసు, వేసవంతా తెలుసు, అయినా ఇవాళ పనిచెయ్యాలి. నది లోయలోనూ పనిచెయ్యవు. అటు రాయి, ఇటు రాయి. పొద్దున ఇదే రేవు నుంచి ఇద్దరూ బయల్దేరారు, ఆమె కొడుకు లాంబ్రోస్ తండ్రి పడవలో పాక్సోస్ దీవికి, ఆమె బావగారు మిల్తోస్ కొడుకు లాంబ్రోస్ తన తండ్రి బస్సులో అఖెరోన్ నది పుట్టిన చోటికి. ఇద్దరిదీ తాత పేరే, ఇంటిపేరు సరేసరి, బడిలో పంతులమ్మ సముద్రం లాంబ్రోస్, రోడ్డు లాంబ్రోస్ అని పిలిచింది, ఊరికి అదే అలవాటైంది. మరి ఆ ఫోను చేసినవాడు ఆ ఒక్క మాట కలిపితే ఏం పోయింది. సముద్రం అనో, రోడ్డు అనో. కన్న తండ్రయితే ఎందుకంటాడు, కన్న తండ్రికి లాంబ్రోస్ అంటే ఒకడే కదా.

టికెట్ల బడ్డీకి అటూ ఇటూ రెండు బోర్డులు. ఎడమ పక్కది నేల మీది ప్రయాణాలకి, కుడి పక్కది నీటి మీది వాటికి. ముసలాయన, మామగారు, పోయే ముందు గట్టిగా చెప్పి పోయాడు, పడవ ఒకడికి, బస్సు ఒకడికి, బడ్డీ మాత్రం ఇద్దరికీ అని, అందుకని పొద్దుటి పూట అరెతి అమ్ముతుంది, మధ్యాహ్నం నుంచి ఎవాంథియా అమ్ముతుంది. ఇద్దరూ తోడికోడళ్ళు. ఇద్దరికీ మాటల్లేవు. జెరేనియం మొక్క పెట్టిన నూనె డబ్బా కింద తాళంచెవి పెట్టి ఆవిడ వెళ్ళిపోతుంది, ఈవిడ వచ్చి తీసుకుంటుంది. ఇన్నేళ్ళుగా వాళ్ళ మధ్య నడిచిన మాట ఆ తాళంచెవి ఒక్కటే. అరెతి ఉన్ని పైచొక్కా కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది, ఎండాకాలంలో కూడా, దాన్నుంచి తేనె వాసన వస్తుంది, ఆవిడ పుట్టిల్లు కొండల్లో, అందరూ తేనెటీగలు పెంచేవాళ్ళు. ఎవాంథియా ఆ చొక్కాని ఎప్పుడూ ముట్టుకోదు. వీపు తగలకుండా కుర్చీ కాస్త ముందుకు లాక్కుని కూర్చుంటుంది. ఇవాళ కూర్చోలేదు కనక అది భుజానికి తగిలింది, తగిలి, ఆవిడకు తెలుసా అనిపించింది. ఆవిడకు చెప్పారా. కోస్మాస్ ముందు ఎవరి దగ్గరికి వెళ్ళుంటాడు. అరెతి ఇల్లు అంగడికి దగ్గర. అంటే ముందు అక్కడికే. అన్నిట్లోనూ ఆవిడే ముందు, కొడుకుని కనడంలో తప్ప.

గాలి లేచింది. రోజూ ఈ వేళకే లేస్తుంది వాయవ్యం నుంచి, టూరిస్టులు దాన్ని చల్లగా ఉందంటారు. రేవు నీళ్ళ మీద చిన్న చిన్న తెల్ల మడతలు. దీవి వెనకైతే మడతలు కావవి, గుహ వాకిట్లో నీళ్ళు పైకి లేచి పడవని రాతికేసి తోస్తాయి. కొడుకు పడవ ముక్కు దగ్గర నిలబడి కర్రతో రాతిని నెట్టి పడవను దూరంగా ఉంచాలి, చెప్పులు వేసుకోడు, ఎన్నిసార్లు చెప్పింది, తడి పలక మీద ఉత్తకాళ్ళతో ఏంట్రా అని. మరి నది మాత్రం తక్కువా. లోయలో నడుము లోతు నీళ్ళలో జనాన్ని చేతులు పట్టుకుని నడిపించాలి, మంచుగడ్డ లాంటి నీళ్ళు, కింద నాచుపట్టిన గుండ్రాళ్ళు, పైనుంచి మేకలు తొక్కిన రాళ్ళు దొర్లి పడుతుంటాయి. పడుతుంటాయి కదా. పోయినేడు పడింది కదా ఒకటి, ఎవరికీ తగల్లేదు కానీ పడింది. రాళ్ళు పడటానికి నదే ఎక్కువ వీలు. అలా అనుకోగానే ఊపిరి కాస్త ఆడింది, ఎందుకాడిందో తెలిసి సిగ్గేసింది, అయినా ఆడింది.

"రేపు నదికి చోటుందా?" అంది ఒకావిడ. భుజాలు కాలి ఎర్రబడిన మొగుడూ పెళ్ళాలు, చేతుల్లో ఐస్‌క్రీములు.

ఉంది, అంది ఎవాంథియా. నోరు దానంతటదే నడిచింది. పొద్దున్నే బస్సు, పాత దేవళం శిథిలాలు, తర్వాత నది, పూర్వం చచ్చినవాళ్ళని పడవలో దాటించిన నది ఇదేనండీ, ఆ నీళ్ళలోనే నడుస్తారు, మధ్యాహ్నం చెట్ల కింద ట్రౌట్ చేప, సాయంత్రం బీచి. ఈ పాఠం ఆమె నిద్రలో కూడా చెబుతుందని థొదోరిస్ వెక్కిరిస్తాడు. చచ్చినవాళ్ళు దాటిన అన్న మాట దగ్గర ఎప్పుడూ గొంతు కాస్త తగ్గిస్తుంది, జనానికి అది ఇష్టం, కళ్ళు పెద్దవి చేస్తారు. ఇవాళ తగ్గించకుండానే తగ్గింది.

"ప్రమాదం ఏమీ ఉండదు కదా?"

"లేదండీ. చిన్నపిల్లలు కూడా వెళ్తారు."

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు. ఏళ్ళ తరబడి అమ్మిన ఆ దీవి నీలం గుహల్ని ఆమె వేసవిలో ఒక్కసారీ చూడలేదు, వేసవిలో బడ్డీ వదిలి కదిలిందెప్పుడు. నదికి అసలు వెళ్ళనే లేదు. అది అరెతి వాళ్ళ వైపు. చూడని చోట్లకి జనాన్ని పంపించి, పంపించి, చివరికి దేన్ని అమ్ముతున్నానో తెలియని దాన్ని అయ్యాను అనుకుంది. డాక్టరు వచ్చాడు, కుర్రవాడు, ఏథెన్స్ నుంచి ఈ ఏడే వచ్చాడు, సంచి పట్టుకుని కోస్మాస్ అంగడి ముందు గొడుగు కింద నిలబడి, "ఎవరి అబ్బాయండీ?" అని అడిగాడు. చూడు, పట్నం నుంచి వచ్చినవాడికి కూడా తెలిసింది ఏమడగాలో. ఆమె బడ్డీ తలుపు మూసి, తాళం వెయ్యకుండానే, రేవు చివరి మెట్ల వైపు నడిచింది. పరుగెత్తకూడదు. పరుగెత్తితే నిజమైపోతుంది.

పేరు దొంగిలించావు అంది అరెతి ఆ రోజు. తన కొడుకు బాప్తిజం విందులో, అందరి ముందూ, చక్కెర పూసిన బాదం పప్పులు పంచుతుంటే. పెద్దవాడి కొడుక్కి తాత పేరు, అది లోకమంతా ఎరిగిందే, కాదనలేదు, కానీ పెద్దవాడికి అప్పటికి పుట్టింది ఆడపిల్ల. అరెతి కడుపుతో ఉంది, అంతే, కడుపులో ఏముందో ఎవరికి తెలుసు. ముసలాయన మంచంలో ఉన్నాడు, తన పేరు చెవితో విని పోతానన్నాడు, ఎవాంథియా ఒళ్ళో మగబిడ్డ ఉన్నాడు, పెడితే తప్పేంటి. ఆగొచ్చు కదా అన్నారు. ముసలాయన ఆగుతాడా. ఆయన లాంబ్రోస్ అన్న మాట విన్నాడు, ఏడ్చాడు, పడవ థొదోరిస్‌కి రాశాడు. తర్వాత అరెతికి మగపిల్లాడే పుట్టాడు, ఆవిడా లాంబ్రోస్ అనే పెట్టింది, పంతానికి, మాది అసలు లాంబ్రోస్ అన్నట్టు. ఈస్టర్ ఆ పేరున్న వాళ్ళ పండుగ, అప్పటి నుంచి అది ఇద్దరికీ ఒకేసారి, వచ్చి పలకరించే వాళ్ళ కోసం రెండిళ్ళ తలుపులూ తెరిచి ఉంటాయి, ఊరు ముందు ఎవరి గడప తొక్కాలో తెలియక చర్చి దగ్గర తచ్చాడుతుంది. ఆమె కిటికీ సందులోంచి లెక్కపెట్టేది, ఎవరు ముందు అటు వెళ్ళారో. అరెతి కూడా లెక్కపెట్టేదని కోస్మాస్ పెళ్ళాం చెప్పింది. పేరేమన్నా పొలమా ఒకళ్ళు దున్నితే ఇంకొకళ్ళకి లేకపోవడానికి అని ఆ రోజు తను అంది. బాగా అన్నాననుకుంది. ఇద్దరికీ ఉంది పేరు. ఇవాళ దాన్ని సగానికి చీల్చి నా సగం నాకివ్వండి అనాలనుంది, ఎవర్ని అడగాలి.

మెట్ల పైన నికొలాస్ పునీతుడి చిన్న చర్చి, నలుగురు నిలబడితే ఐదోవాడు వాకిట్లో ఉండాలి. లోపల చల్లగా, చీకటిగా ఉంది. ఇసుక పోసిన పళ్ళెంలో రెండు కొవ్వొత్తులు పక్కపక్కనే వెలుగుతున్నాయి. పసుపుపచ్చవి. ఇక్కడ పెట్టెలో దొరికే తెల్లవి కావు. తేనె వాసన. అంటే వచ్చి వెళ్ళింది. అంటే ఆవిడకు తెలుసు, తనకన్నా ముందే తెలిసింది, ముందే మెట్లెక్కి ముందే అడిగేసి పోయింది. అదీ ఒకటి కాదు, రెండు. మొగుడికొకటి, కొడుక్కొకటి అయివుంటుంది, బస్సులో ఇద్దరూ ఉన్నారు కదా. ఏదైనా రెండు తీసుకోవడం ఆవిడకు అలవాటే, పళ్ళెంలో మిఠాయి పెట్టినా రెండే తీసుకుంటుంది. నికొలాస్ ఎవరివాడు. సముద్రంవాడు. నావికులవాడు. బస్సులతో ఆయనకేం పని, ఆవిడ వాళ్ళ కొండ దేవుళ్ళ దగ్గరికి పోవచ్చు కదా.

ఎవాంథియా ఒక తెల్ల కొవ్వొత్తి తీసుకుంది. మూడువేళ్ళు కలిపి శిలువ గుర్తు వేసుకుంది, వేళ్ళు నుదుటికి సరిగ్గా తగల్లేదు. లాంబ్రోస్‌ని కాపాడు అంది. అని ఆగిపోయింది. ప్రతి ఆదివారం ఫాదర్ పేర్లు చదువుతాడు, దేవుని దాసుడు లాంబ్రోస్ ఆరోగ్యం కొరకు అని, ఇంటిపేరుండదు, తండ్రి పేరుండదు, దేవుడి దగ్గర పేరొక్కటే. ఆ మాట విన్నప్పుడల్లా అరెతీ ఆమే ఒకేసారి శిలువ గుర్తు వేసుకుంటారు, ఎవరికి వాళ్ళు తమవాడికే అనుకుని. మరి ఈయన మాత్రం ఎలా పోల్చుకుంటాడు. అందుకని విడమరిచి చెప్పింది. నావాడు, నికొలాస్. థొదోరిస్ కొడుకు. నీలం తలుపు ఇల్లు. సముద్రంవాడు, చెప్పులేసుకోనివాడు, ఎడమ చెవి కింద మచ్చ. చెప్పి చెప్పి, పోస్టుమాన్‌కి ఇల్లు చెబుతున్నట్టు చెప్పి, చివరికి ఏది చెప్పకూడదో అది చెప్పింది. దెబ్బ ఎవరికో ఒకరికి తగిలింది, అదెలాగూ జరిగిపోయింది, వెనక్కి తిప్పమని అడగడం లేదు. ఆ ఇద్దర్లో ఒకడికే కదా. వాడికి అవనీ. నావాడికి కాకుండా వాడికి అవనీ.

పెదవులతో కూడా అంది. గుండెలో అనుకుని ఊరుకోలేదు. అని, బొమ్మలో నికొలాస్ మొహం చూసింది, ఆయన మొహం ఎప్పటిలాగే ఉంది, తెల్ల గడ్డం, పొగ చూరిన కళ్ళు. ఆ పసుపు కొవ్వొత్తులు రెండూ నిమ్మళంగా వెలుగుతున్నాయి, తన తెల్లది వాటి పక్కన పొట్టిగా, గుడ్డిగా ఉంది, రెండు మాటల మధ్య ఒక మాట ఎక్కడ వినబడుతుంది. ఆమె చేతివేళ్ళు తడి చేసుకుంది. ఎప్పుడు నాలుకకు తగిలించిందో గుర్తులేదు. కుడివైపు దాని వత్తి పట్టుకుని నొక్కింది. చుయ్యిమంది. పొగ ఒక్కగీతలా లేచి వంగింది. వేళ్ళు కాలాయి, కాలితే కాలనీ అనుకుంది, ఆ తర్వాత తనేం చేసిందో తెలిసింది.

వెలిగించాలి మళ్ళీ. వెలిగిస్తే సరిపోతుంది. పక్కదాంతో అంటిస్తే ఎవరికీ తెలియదు. చెయ్యి చాచింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది, ఎందుకంటే వెలిగిస్తే తన మాట మళ్ళీ చిన్నదైపోతుంది, ఈ గంట గడవనీ, పడవ రానీ, రాగానే పరుగున వచ్చి పది వెలిగిస్తాను, వాడికీ వాడి తల్లికీ తండ్రికీ, వాళ్ళ తేనెటీగలకి కూడా. బయటికి వచ్చింది. మెట్లు దిగింది. సగంలో ఆగింది. రెండు మెట్లు వెనక్కి ఎక్కింది. మళ్ళీ దిగింది. కింద నుంచి చూసేవాడికి పిచ్చిదానిలా కనబడుతున్నానేమో అనుకుంది, చూసేవాళ్ళెవరూ లేరు, అందరూ ఈతల్లో ఉన్నారు.

కింద రేవు పొడవునా ఇద్దరే నిలబడిన ఆడవాళ్ళు. సముద్రం వైపు చివర తను. రోడ్డు వైపు చివర, బస్సు ఆగే చోట, అరెతి. నల్ల గౌను, చేతులు కట్టుకుని, రోడ్డు మలుపు వైపు మొహం. తల తిప్పలేదు. తిప్పితే తను చూసేది. ఆ నిలబడే తీరు చూస్తే వచ్చింది కోపం కాదు, కోపమైతే బాగుండేది. ఆవిడ లాంబ్రోస్ ఈమెకేమైనా పరాయివాడా. వాడు చిన్నప్పుడు గోడ దూకి వచ్చేవాడు, మా అమ్మకి చెప్పకు పిన్నీ అంటూ, వంకాయ వేపుళ్ళ గిన్నె ముందు కూర్చుని ఒక్కటీ మిగల్చకుండా తినేవాడు. తనవాడు అటు గోడ దూకి వెళ్ళి, తేనె పూసుకుని వచ్చేవాడు, మూతి నిండా, పెద్దమ్మ పెట్టింది అని చెప్పడానికి భయపడి తుమ్మెద కుట్టింది అనేవాడు. సాయంత్రం తను వాకిట్లోకి వచ్చి లాంబ్రోస్ అని కేకేస్తే బీచిలో రెండు తలలు లేచేవి. అరెతి కేకేసినా రెండు తలలే. ఒకసారి చొక్కాలు మార్చేసుకుని ఒకళ్ళింటికి ఒకళ్ళు వచ్చేశారు, వాడు వచ్చి, అమ్మా ఆకలేస్తోంది అని ఈమె ఒళ్ళో తల పెట్టుకున్నాడు, వేళాకోళానికి. ఆమె తెలిసీ తెలియనట్టు తల నిమిరింది. జుట్టు గరుకుగా ఉండేది వాడిది. ఆ తలనే కదా ఇందాక రాయి కింద పెట్టింది. తన చేతులతో ఎత్తి పెట్టింది. నాకు వాడంటే ఇష్టమే అనుకుంది, నిజంగానే ఇష్టం, అయినా ఇప్పుడు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంటాను.

ఫోన్ చూసింది. ఏమీ లేదు. సముద్రం మీద ఒక తెరచాప, అది మనది కాదు. ఒక పెద్ద ఓడ, మనది కాదు. వేళ్ళ చివర్లు మంటపుడుతున్నాయి, నల్లగా మసి, గౌనుకి తుడిచింది, పోలేదు. వెళ్ళి వెలిగించాలి. ఇప్పుడే. ఇంకా ఏమీ రాలేదు కదా, ఇంకా సమయముంది, ఏదీ తేలకముందే వెలిగిస్తే చెయ్యనట్టే లెక్క. తిరిగి మెట్ల వైపు నాలుగడుగులు వేసింది, అప్పుడు బస్సు హారన్ వినబడింది. మలుపు దగ్గర మిల్తోస్ రోజూ కొట్టే హారన్, రెండు పొట్టివి, ఒక పొడుగు, పెళ్ళానికి కూర వెయ్యమని చెప్పడానికి.

అంటే వాళ్ళ వాడికేమీ కాలేదు. అంటే. బస్సు దిగే మెట్టు మీద, ఇంకా బస్సు ఆగకముందే, రోడ్డు లాంబ్రోస్ నిలబడి ఉన్నాడు, తడి జుట్టు, ఒక చేత్తో పై కమ్మీ పట్టుకుని, ఎవరో ముసలావిడతో నవ్వుతూ. చేతులున్నాయి. కాళ్ళున్నాయి. తల ఉంది. అరెతి బస్సు దగ్గరికి వెళ్ళింది, కొడుకు కిందికి దిగగానే ఛాతీ మీద ఒక్కటి పీకింది, తర్వాత ఆ పీకిన చోటే మొహం పెట్టుకుంది. ఏంటమ్మా, ఏమైంది అంటున్నాడు వాడు. ఆ గొంతు రేవు పొడవునా వినబడింది, గట్టి గొంతు, ఒంట్లో రక్తమంతా ఉన్న గొంతు. ఎవాంథియాకి వాడి మీద అసహ్యం పుట్టింది. ఎందుకు నవ్వుతున్నావురా, ఎందుకు తడిగా ఉన్నావు, ఎందుకున్నావు అనిపించింది. ఇక మిగిలింది ఒక్క లాంబ్రోసే. లెక్క తేలిపోయింది. తను అడిగింది అందింది, అందుకే ఎదురు తగిలింది, పైన ఉన్నవాడు విన్నాడు, పేరొక్కటే చూసి, తండ్రి పేరు చూడకుండా. పడవలు కట్టే ఇనుప గూటం పట్టుకుంది. ఎండకి అది కాలుతోంది.

అరెతి నడిచి వస్తోంది. కొడుకుని వదిలేసి, రేవు ఆ చివర నుంచి ఈ చివరికి, తొందరపడకుండా. ఎన్నేళ్ళైంది ఆ మనిషి తన వైపు నడిచి. ఇప్పుడేమంటుంది. నీ పేరు నీకు దక్కింది అంటుందా. అనడానికి హక్కుంది. వచ్చింది. పక్కన నిలబడింది.  చెయ్యి పట్టుకుంది, మసి ఉన్న చెయ్యే, వేళ్ళలో వేళ్ళు పెట్టి గట్టిగా, ఎముకలు నొప్పి పుట్టేలా. తేనె వాసన వచ్చింది. వెనకాల ఆవిడ కొడుకు పరుగెత్తి వచ్చాడు.

"పిన్నీ, నేను చిన్న పడవేసుకుని ఎదురెళ్తా. పిన్నీ, వింటున్నావా?"

"నోర్మూసుకుని ఇక్కడే నిలబడు," అంది అరెతి. "ఇద్దర్నీ నీళ్ళ మీద పెట్టుకుని నేను నిలబడలేను."

ఇద్దర్నీ అంది. ఎవాంథియా విన్నది. ఆ మాట గురించి ఆలోచించే లోపు కొండకొమ్ము చాటు నుంచి పడవ ముక్కు బయటికి వచ్చింది, తెల్లటిది, ఎర్ర గీత, మామూలుకన్నా ఎక్కువ వేగం. ముక్కు దగ్గర ఎవరూ లేరు. రోజూ తాడు చేత్తో పట్టుకుని వాడు నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ దగ్గరవుతోంది, పెద్దదవుతోంది, ఆమె దాన్నే చూస్తోంది, మిగతా పడవలో ఏముందో చూడటానికి కళ్ళు ఒప్పుకోలేదు. థొదోరిస్ చుక్కాని దగ్గర నుంచి తాడు అందుకోండి అని అరుస్తున్నాడు, అచ్చు మిల్తోస్ గొంతు. రోడ్డు లాంబ్రోస్ దూకి తాడు అందుకున్నాడు. ఏడుస్తూ అందుకున్నాడు. టూరిస్టులు గోడల్లా నిలబడి ఉన్నారు, వాళ్ళ మధ్య నుంచి చారల టవలు ఒకటి కనబడింది, టవల్లో తల, టవలు సగం ఎర్రగా. ఆ తల ఎత్తి చూసింది.

"అమ్మా, ఏం లేదు," అన్నాడు. పెదాలు సున్నంలా ఉన్నాయి. "జారాను. నువ్వేమంటావో తెలుసు. చెప్పులు రేపట్నుంచి వేసుకుంటా."

డాక్టరు దూకినంత పని చేసి లోపలికి వెళ్ళాడు. కళ్ళలోకి చూశాడు, వేళ్ళు చూపించాడు, వాంతి అయిందా అని అడిగాడు, టవలు తీసి మళ్ళీ అదిమాడు. కుట్లు పడతాయి, రాత్రికి నిద్రపోనివ్వకూడదు, ఎముకకేమీ కాలేదు అన్నాడు. గుహ వాకిట్లో అల లేపిందట, తల చరియకి తగిలిందట, అక్కడ లంగరేసిన ఎవరిదో పడవలో ఫోనుంటే దాంతో చేశాడట థొదోరిస్. "నాకు నోటికొచ్చిన నంబరు కోస్మాస్‌ది ఒక్కటేనే, చిన్నప్పటి నుంచి అదే కదా," అంటున్నాడు, పెళ్ళాన్ని చూడకుండా, గూటానికి తాడు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి. "చెప్పాను కదా, లాంబ్రోస్‌కి దెబ్బ తగిలిందని. ఇంకెలా చెప్పాలి?"

 ఇద్దరు లాంబ్రోస్‌లూ డాక్టరు గది వైపు వెళ్ళారు, ఒకడి భుజం మీద ఇంకొకడి చెయ్యి, చూస్తే ఎవడు ఎవడిని మోస్తున్నాడో తెలియలేదు. వెనకాల తండ్రులిద్దరూ. ఎవాంథియా కూడా వెనకే వెళ్ళాలి. రేవు రాళ్ళ మీద అలాగే కూర్చుండిపోయింది. అరెతి పక్కన కూర్చుంది, మోకాళ్ళు పట్టేసినట్టు మెల్లగా, గౌను సర్దుకుని.

"కోస్మాస్ ముందు నా దగ్గరికే వచ్చాడు," అంది. నీళ్ళ వైపు చూస్తూ అంది. "నీకు చెప్పమని పంపింది నేనే. నీకు నోటితో చెప్పడం రాలేదే నాకు, ఇన్నేళ్ళ తర్వాత ఆ మాటతోనా మొదలుపెట్టేది అనిపించింది. పైకి వెళ్ళి రెండు కొవ్వొత్తులు పెట్టి వచ్చా. నా వాడికొకటి, నీ వాడికొకటి."

గాలి తగ్గలేదు. ఎవాంథియా కుడిచెయ్యి గుప్పెట మూసింది, లోపల వేళ్ళు ఇంకా మండుతున్నాయి.  అడక్కుండా ఉండటం చేతకాలేదు.

"అక్కా," అంది. ఆ పిలుపు నోటికి కొత్తగా తగిలింది. "మా వాడిది ఏ వైపు పెట్టావు? కుడివైపా, ఎడమవైపా?"

అరెతి తిరిగి ఆమె మొహంలోకి చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"ఏ వైపేమిటే? రెండూ లాంబ్రోస్‌లేగా. ఏది ఎవడిదో నేను మాత్రం చూసుకున్నానా."